భ్రమరాంబ గారి గరాజ్ కుప్ప

భ్రమరాంబ గారు పరమపదించారన్న వార్త నాకు కూరగాయల దుకాణంలో, చేతిలో క్రాన్‌బెర్రీల సంచీతో నిలబడి ఉండగా అందింది. ఆ రోజు థాంక్స్‌గివింగ్ మర్నాడు. అంతకుముందు రోజు దాకా పండగ భోజనాలకని కంటికి ఎదురుగా, దర్జాగా అమ్మిన ఆ ఎర్రకాయలను ఆ ఉదయం చవగ్గా ఒక మూల బుట్టలో పోసేస్తారు. ఆ బుట్ట దగ్గరికి అందరికన్నా ముందు చేరమని ముందు రాత్రి నాకు ఫోన్లో హుకుం జారీ చేసింది ఆవిడే. "సంచీ ఊపి చూడు. గలగలమంటే తీసుకో, చప్పుడు లేకపోతే మెత్తబడ్డట్టు" అని కూడా చెప్పారు. నేను అలాగే ఊపి చూస్తున్నాను. ఫోన్ మోగింది. ఆవిడ కూతురు శైలజ.

"అక్కా, అమ్మ పోయింది. మార్నింగ్ లేపితే లేవలేదు. స్లీప్‌లోనే వెళ్ళిపోయింది" అంది.

శైలజ అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. ప్లెయిన్స్‌బరోలో మందుల కంపెనీలో పనిచేస్తుంది. సెలవులకని తల్లి దగ్గరికి, ఇక్కడ బెంటన్‌విల్‌కి వచ్చి ఉంది. దానికి వచ్చిన తెలుగు కొంచెమే. ఆ కొంచెంలోనే మొత్తం చెప్పేసింది. నిశ్చేష్టురాలినయ్యానని రాయడం ఇలాంటి వ్యాసాల్లో మర్యాద. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. డిసెంబర్ ముందు పెట్టుకుని ఈవిడ ఎక్కడికి బయల్దేరినట్టు? ఆ కోపంతోనే బుట్టలో ఉన్న మంచి సంచులన్నీ బండిలో వేసుకున్నాను. బిల్లు వేసే అమ్మాయి బాగానే ఉన్నారా అని అడిగింది. లేనని చెప్పి కార్డు గీకి బయటపడ్డాను.

మన సంఘం పత్రిక సంపాదకులు నన్ను ఈ వ్యాసం రాయమన్నారు. "కాస్త గంభీరంగా ఉండాలండీ" అన్నారు. అలాగే మొదలుపెడతాను, ఎక్కడ జారిపోతానో చెప్పలేను. స్వర్గీయ డాక్టర్ భ్రమరాంబ గారు తణుకు ఆడపడుచు. శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తు ఇచ్చే వైద్యురాలిగా దశాబ్దాల తరబడి ఈ ప్రాంతంలో సేవలందించిన విదుషీమణి. ధీశాలిని, మితభాషిణి అని రాద్దామనుకున్నాను. మితభాషిణి అబద్ధం. ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే మత్తుమందు అవసరం ఏముందని భర్తే వేళాకోళం చేసేవారు.

ఈ ఊళ్ళో ఆవిడకు ఇంకో పేరు కూడా ఉంది. పిసినారి డాక్టరమ్మ. ఈ వ్యాసం చదివేవారిలో ఆ మాట అన్నవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. చనిపోయినవారి గురించి మంచి మాటలే చెప్పాలన్న నియమం ఉంది గనుక ఇప్పుడు వాళ్ళంతా ఆవిడను మితవ్యయశీలి అంటున్నారు. నేను ఒప్పుకోను. ఆవిడది మితవ్యయం కాదు, పిసినారితనం అంతకన్నా కాదు. అది పంతం. పండగ ఎంతలో జరగాలన్నది ఆ గదిలో అందరికన్నా తక్కువ ఉన్న మనిషిని చూసి నిర్ణయించాలన్న పంతం.

ఈ పంతం ఎందుకు పుట్టిందో తెలియాలంటే మన ఊరి డిసెంబర్ సంగతి చెప్పాలి. ఇక్కడ ఉన్నది ఒక మహా వ్యాపార సంస్థ. దాని చుట్టూ కాంట్రాక్టు మీద కంప్యూటర్ పనులు చేసుకుని బతికే మనవాళ్ళు. డిసెంబర్ మూడో వారం వచ్చేసరికి కాంట్రాక్టు వాళ్ళను ఇంటికి పొమ్మంటారు. ఆ సెలవులకు జీతం ఉండదు. దానికి ఫర్లో అని ముద్దు పేరు. జనవరిలో మళ్ళీ పిలుస్తారో లేదో తెలియదు, వీసా ఏమవుతుందో తెలియదు. ఊరంతా దీపాలు, ఇంటి ముందు ఇంటికన్నా ఎత్తు బొమ్మలు. మనవాళ్ళు మాత్రం అపార్ట్‌మెంట్లలో కర్టెన్లు వేసుకుని, ఎవరైనా పిలిస్తే ఊళ్ళో లేమని మెసేజ్ పెట్టేవారు.

భ్రమరాంబ గారు క్రిస్మస్ రోజున తన ఇంటి గరాజ్‌లో భోజనాలు మొదలుపెట్టింది వీళ్ళ కోసం. దానికి సెలవు పండగ అని పేరు. పద్ధతి ఇదీ. క్రిస్మస్ ముందురోజు ఉదయం గరాజ్ తలుపు ఎత్తి వదిలేసేవారు. వంటింట్లోకి వెళ్ళే తలుపు మూసేసి, కిటికీలకు తెరలు దించేసేవారు. ఎవరైనా కారులో వచ్చి, గరాజ్‌లో పరిచిన టార్పాలిన్ మీద ఏదైనా పచ్చి సరుకు పెట్టి వెళ్ళిపోవచ్చు. చీటీ ఉండకూడదు. పేరు ఉండకూడదు. ఒట్టి చేతులతో వచ్చి, ఒక నిమిషం నిలబడి వెళ్ళిపోయినా తప్పు లేదు. కారు వచ్చిందని ఊరికి తెలుస్తుంది, చేతిలో ఏముందో ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున్న అందరూ చేరి, కుప్పలో ఏముంటే దానితో వండటం.

నేను ఈ ఊరు వచ్చిన తొలి డిసెంబర్‌లో మా ఆయన ఫర్లోలో ఉన్నారు. పక్క అపార్ట్‌మెంట్ ఆవిడ ఈ గరాజ్ గురించి చెప్పింది. మా ఫ్రిజ్‌లో సగం కోసిన క్యాబేజీ ఉంది. అదే కవర్లో చుట్టుకుని వెళ్ళాను. అక్కడ బియ్యం బస్తాలు పేర్చి ఉన్నాయి. వాటి మీద, చుట్టూ వంకాయలు, బంగాళాదుంపలు, చిలగడదుంపలు, పప్పులు. వాటి మధ్యలో నా సగం క్యాబేజీ పెట్టి, ఎవరో తరుముతున్నట్టు వచ్చేశాను. మర్నాడు విస్తట్లో క్యాబేజీ పెసరపప్పు కూర వడ్డించారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన రెండోసారి వేయించుకుని, "క్యాబేజీ లేతగా ఉందండీ, ఎవరు తెచ్చారో గాని" అన్నారు. ఆ ముక్కకి నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ రోజు నుంచి ఆవిడను నేను పిన్నిగారూ అని పిలవడం మొదలుపెట్టాను.

ఇక ఆ సుప్రసిద్ధమైన వాక్కాయ పులిహోర సంగతి. ఈ దేశం వచ్చిన కొత్తలో, ఒక నవంబర్‌లో, దుకాణంలో ఎర్రెర్రని కాయల సంచులు చూసి ఆవిడ "ఏమండీ, వాక్కాయలు!" అని అరిచారట. గోదావరి జిల్లాలో పుట్టినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఆ పొరపాటు రాదు. వాక్కాయ రంగు అదే, పరిమాణం అదే, నోట్లో వేసుకుంటే పళ్ళు పులిసిపోయే పులుపూ అదే. ఆనందం పట్టలేక సంచులు కొనేసి, తెలిసిన నలుగురినీ భోజనానికి పిలిచేశారు.

"పోపు వేశాక కాయ కోశానే ఉషా. పాలు కారలేదు. గింజ చూస్తే ఇంతే ఉంది. ఇది వాక్కాయ కాదని అప్పుడు తెలిసింది. పోపు వేగిపోతోంది, జనం వచ్చేస్తున్నారు. ఏం చేస్తాను? అందులోనే పడేశాను" అని చెప్పేవారు.

కాయలు నూనెలో టపటపా పగిలాయట. పసుపు, ఉప్పు, కాస్త బెల్లం వేసి అన్నంలో కలిపారు. వచ్చినవాళ్ళంతా వాక్కాయలు ఎక్కడ దొరికాయని అడిగారు. ఆవిడ దుకాణం పేరు చెప్పారు. ఒక్కరూ తేడా పట్టలేదు. భర్త ఒక్కరే వాటిని క్రాన్‌బెర్రీలంటారని సరిదిద్దబోయారు. "పేరు వాళ్ళిష్టం వచ్చింది పెట్టుకోమనండి, పులిహోర మాత్రం నాది" అన్నారట ఈవిడ. అంతే, ఆనాటి నుంచి బెంటన్‌విల్‌లో క్రాన్‌బెర్రీ వాక్కాయగానే చెలామణీ అయింది. నిజం తెలిసినా ఎవరూ ఆవిడ ముందు ఇంకో పేరు ఎత్తేవారు కాదు.

ఆ కాయలతోనే పానకం. కాయలు ఉడికించి వడకట్టి, బెల్లం కరిగించి, మిరియాలు, శొంఠి, యాలకులు దంచి వేసి, పొగలు కక్కుతుండగా ఇచ్చేవారు. గరాజ్ తలుపు తెరిచి ఉంటుంది కదా, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటాయి. ఆ గ్లాసు పట్టుకుంటే ప్రాణం లేచి వచ్చేది. ఒకసారి ఎవరో కూల్‌డ్రింకులు, జ్యూస్ సీసాలు తెప్పిద్దామన్నారు. "సీసా మూత తీయడానికి ఇంతమందిమి పోగవడం ఎందుకు?" అన్నారు ఆవిడ. పిల్లలు మొదట్లో మొహం చిట్లించేవారు. ఇప్పుడు వాళ్ళే కాలేజీల నుంచి ఫోన్ చేసి, "ఆంటీ, ఆ రెడ్ పానకం రెసిపీ టెక్స్ట్ చెయ్యరా" అని అడుగుతున్నారు.

గుమ్మడికాయల కోసం ఆవిడ చేసిన దండయాత్ర కూడా చెప్పుకోవాలి. అక్టోబర్ చివర, గుమ్మడికాయలకు దయ్యం ముఖాలు చెక్కే హాలోవీన్ వెళ్ళిపోగానే వీధిలో ప్రతి గడప ముందూ గుమ్మడికాయలు ఎవరికీ పట్టకుండా పడి ఉంటాయి. ముఖాలు చెక్కినవి పనికిరావు, చెక్కనివి చల్లటి చోట ఉంచితే క్రిస్మస్ దాకా చెడవు. ఈ డాక్టరమ్మ మంచి కోటు వేసుకుని, వీధిలో తలుపులు తట్టి, "దీన్ని పారేస్తారా? పారేసేదైతే నాకిచ్చేయండి" అని అడిగేవారు. మనవాళ్ళలో కొందరికి తల కొట్టేసినట్టయింది. ఒకావిడ నా ముందే, "అంత సంపాదించి ఆ అడుక్కోవడం ఏమిటండీ" అంది. ఆ మాట నేను మోసుకొచ్చాను. పిన్నిగారు గుమ్మడికాయ తిప్పి చూసుకుంటూ, "వాళ్ళు పారేస్తే సిగ్గు లేదు, నేను వండితే సిగ్గుటే?" అన్నారు. ఆ కాయలకు పీచు ఎక్కువ, తీపి తక్కువ. కాస్త బెల్లం, చింతపండు పడితే దప్పళంలో దారికొచ్చేవి. తర్వాత్తర్వాత పక్కింటి ముసలాయన తనే కాయలు మోసుకొచ్చి ఇచ్చి, క్రిస్మస్ నాడు మనతోపాటు దప్పళం పోసుకుని తినేవాడు.

వేణుగోపాల్ గారి పనీర్ ట్రే సంగతి ఆయన అనుమతితోనే రాస్తున్నాను. వేణుగోపాల్ గారు ఇప్పుడు మన సంఘం అధ్యక్షులు. అప్పట్లో కొత్తగా మేనేజర్ అయ్యారు. క్రిస్మస్ పొద్దున్న, రెస్టారెంట్‌లో చేయించిన పెద్ద ట్రే, దాని మీద దంపతుల పేర్లు రాసిన కార్డు, అన్నీ తీసుకుని గరాజ్‌లోకి వచ్చారు. భ్రమరాంబ గారు కార్డు చదివారు. చదివి, తీసి ఆయన జేబులో పెట్టారు.

"వేణూ, వండినవి కుప్పలో పెట్టం. ఇంటికి తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టుకో, రేపు తినొచ్చు. వచ్చి ఆ చిలగడదుంపలు తురుము, బూరెలకి" అన్నారు.

"అందరికీ సరిపడా తెచ్చానండీ, డాక్టరుగారూ" అన్నారు ఆయన మొహం ఎర్రబడి.

"అదే వద్దనేది. నువ్వు ట్రే తెస్తే, పక్కవాడు తన వంకాయ ఎక్కడ దాచుకోవాలో తెలియక దిక్కులు చూస్తాడు."

ఆయన ట్రే పట్టుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు తిరిగి రాలేదు. మరుసటి డిసెంబర్‌లో చప్పుడు చేయకుండా వచ్చి, దుంపలు తురుముతూ కూర్చున్నారు. ఆ మధ్యలో ఆయన ఉద్యోగం ఒకసారి పోయి వచ్చిందని అప్పుడు మాకెవరికీ తెలియదు. మొన్న డిసెంబర్‌లో ఆయనే చెప్పారు.

ఒకసారి నేను ధైర్యం చేసి అడిగాను. "పిన్నిగారూ, మీకేం తక్కువ? ఈ కుప్పా గిప్పా లేకుండా మొత్తం మీరే పెట్టేయొచ్చు కదా?"

ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. శనగపప్పు ఉడికిందో లేదో వేళ్ళ మధ్య నలిపి చూస్తూ చెప్పారు. "పెట్టగలనే. నేను పెడితే వచ్చినవాడు తింటాడు, థాంక్స్ చెబుతాడు, తల వంచుకుని పోతాడు. మళ్ళీ ఏడు రాడు. వంకాయ తెచ్చినవాడు మళ్ళీ వస్తాడు. తన వంకాయ ఏమైందో చూసుకోవాలిగా."

ఆవిడ భర్త పోయిన ఏడు, ఆయన పోయిన నెలకే డిసెంబర్ వచ్చింది. పెద్దలంతా ఈ ఏటికి ఆపుదామన్నారు. ఏటి మైల ఉన్న ఇంట్లో పొయ్యి పెట్టి పండగేమిటన్నారు. "మైల నాకు. మీకందరికీ ఎవరంటించారు?" అని అడిగారు ఆవిడ. "నేను గరిటె ముట్టుకోను. నోటికి మైల లేదుగా, చెబుతాను, మీరు వండండి." భర్త ఓవర్‌కోటు తొడుక్కుని, గరాజ్ బయట మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అక్కడి నుంచే మా ఉప్పూ కారాలు దిద్దారు. పోపు మాడుతోందని వాసన పట్టి అరిచారు. మధ్యలో ఒకసారి కోటు కాలరులో మొహం పెట్టుకుని చాలాసేపు ఊరుకున్నారు. ఎవరమూ దగ్గరికి వెళ్ళలేదు. కాసేపటికి కాలరు దించి, "పులిహోరలో ఇంగువ వేశారా?" అని అడిగారు. వెయ్యలేదు. వేశాం.

ఇంతటి మనిషి లేకుండా మొన్నటి డిసెంబర్ వచ్చింది. కర్మకాండ అయ్యాక వేణుగోపాల్ గారింట్లో సంఘం కార్యవర్గం సమావేశమైంది. శైలజనూ నన్నూ పిలిచారు.

"ఆవిడ స్థాయికి తగ్గట్టు ఉండాలి కదండీ" అన్నారు వేణుగోపాల్ గారు.  నిజంగానే బాధపడుతున్నారు. "బాంక్వెట్ హాల్ బుక్ చేద్దాం. స్పాన్సర్లు రెడీగా ఉన్నారు. ఫోటోలతో స్లైడ్ షో, మంచి కేటరింగ్. టికెట్ కూడా నామినల్‌గానే పెడదాం. క్రిస్మస్ రోజైతే అందరికీ సెలవు."

"ఆ రోజు గరాజ్‌లో వంట ఉంది" అన్నాను.

"ఆ ఇల్లు ఖాళీ చేసేస్తున్నారు కదా ఉషగారూ. పైగా సంవత్సరం దాకా మైల. ఆవిడే లేకుండా గరాజ్‌కి ఎవరొస్తారు?"

నాకు ఒళ్ళు మండింది. పెద్దల ముందు ఆ గొంతుతో మాట్లాడకూడదని మా అమ్మ నేర్పింది గాని, అప్పుడు మా అమ్మ గుర్తు రాలేదు. "వేణుగోపాల్ గారూ, జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నవాడు మీ టికెట్ ఎంత నామినల్ అయినా కొనడు. అడిగితే ఊళ్ళో లేనంటాడు. కర్టెన్లు వేసుకుని కూర్చుంటాడు. ఆ కర్టెన్లు నేను వేసుకున్నాను, నాకు తెలుసు. పిన్నిగారి ఫోటో తెర మీద వేసి, ఆ మనిషిని బయట నిలబెడతారా?"

 శైలజ మెల్లగా అంది. "అంకుల్, అమ్మ నేమ్ మీద టికెట్ వద్దు. ప్లీజ్. గరాజ్ నేను ఓపెన్ చేస్తా. మైల అంటే నేను టచ్ చెయ్యను, అమ్మలాగా బయట కూర్చుంటా. ఎవరూ రాకపోతే అక్క వండుతుంది, మేమిద్దరం తింటాం."

 వేణుగోపాల్ గారు తన ఉద్యోగం పోయిన సంగతి అప్పుడే చెప్పారు. ఆ ఏడు ఏం తీసుకెళ్ళాలో తెలియక, ఉత్త కారు తీసుకుని గరాజ్ దాకా వెళ్ళి వచ్చారట. "సరే, హాల్ కేన్సిల్ చేస్తాను" అన్నారు. "కాని ఎవరూ రాకపోతే ఆవిడ పేరు పోతుందండీ" అని కూడా అన్నారు. ఆ భయం నాకూ లేదనను.

క్రిస్మస్ ముందురోజు ఉదయం శైలజ బటన్ నొక్కితే గరాజ్ తలుపు గరగరమంటూ పైకి లేచింది. టార్పాలిన్ పరిచాం. లోపలికి వచ్చి వంటింటి తలుపు మూసి, తెరలు దించి, కాఫీ పెట్టుకుని కూర్చున్నాం. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. శైలజ కాఫీ చల్లారిపోయింది. తర్వాత ఒక కారు వచ్చి ఆగింది. తలుపు పడింది. వెళ్ళిపోయింది. కాసేపటికి ఇంకొకటి. చీకటి పడేదాకా కార్లు వస్తూనే ఉన్నాయి. తెర పక్కకి జరిపి చూడాలని నా చెయ్యి లాగింది. శైలజ నా చెయ్యి పట్టుకుని, "నో అక్కా, రూల్" అంది.

మర్నాడు తెల్లవారి తలుపు తీసి చూస్తే గరాజ్ అంతా ఎర్రగా ఉంది. క్రాన్‌బెర్రీలు. సంచుల మీద సంచులు. థాంక్స్‌గివింగ్ మర్నాడు ఆ బుట్ట దగ్గరికి వెళ్ళింది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఈ ఊళ్ళో ప్రతి దుకాణంలో ప్రతి బుట్టా మనవాళ్ళు ఖాళీ చేసి, చెప్పకుండా ఫ్రీజర్లలో దాచి, తెచ్చి పోశారు. వాటితోపాటు గుమ్మడికాయలు, దుంపలు, పప్పులు, నూనె, బెల్లం. ఎవరో కరివేపాకు మొక్కను కుండీతో సహా పెట్టి వెళ్ళారు. జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కత్తులు తీసుకుని కూర్చున్నారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఎసరు పెట్టి, "శైలూ, బియ్యం ఏ మూల పెట్టారో చూడు" అన్నాను.

బియ్యం లేవు.

కుప్ప అంతా కదిపి చూశాం. గుమ్మడికాయల వెనక చూశాం. ఏడాదేడాదీ బస్తాలు ఉండే చోట ఒట్టి నేల ఉంది. "ఎప్పుడూ ఇక్కడే ఉండేవి కదా" అన్నారు ఒకరు. "మీరు తేలేదా? మీరు తెస్తారనుకున్నాను" అన్నారు ఇంకొకరు. తామే తెచ్చామన్నవారు ఒక్కరు లేరు. అందరం ఇన్నేళ్ళూ ఇంకెవరో తెస్తున్నారనుకున్నాం. శైలజకూ తెలియదు. దుంప చేతిలో పట్టుకుని నిలబడిన వేణుగోపాల్ గారు ఆ ఖాళీ నేలకేసి చూస్తూ, "ఆవిడేనా?" అన్నారు. 

నేను పెడితే మళ్ళీ ఏడు రాడని నాకు పాఠం చెప్పిన మనిషి, ఏటేటా అందరి అన్నమూ అక్కడ పెట్టి, ఏమీ ఎరగనట్టు వంకాయల లెక్క మాట్లాడింది. తన నియమం తప్పారా అని ఆలోచించాను. తప్పలేదు. అందరిలాగే ఆవిడా తెచ్చారు, అందరిలాగే పేరు చెప్పలేదు. ఎసరు గిన్నె ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను. సిగ్గుపడను, అక్కడ ఏడవనివాళ్ళు తక్కువ.

క్రిస్మస్ రోజు. ఊళ్ళో ఒక్క దుకాణం తెరిచి ఉండదు. శైలజ గరాజ్ బయట తన తల్లి మడత కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళు తుడుచుకుని లేచి, "అందరూ లోపలికి వెళ్ళండి. డోర్ వేసెయ్యండి. ఎవరూ చూడకండి" అంది. తల్లి గొంతే.

అందరం వంటింట్లోకి వెళ్ళి ఇరుక్కుని నిలబడ్డాం. అంతలో ఒకరికి ఫోన్ కారులో మర్చిపోయినట్టు గుర్తొచ్చింది. ఇంకొకరికి స్టవ్ కట్టేశామో లేదో అనుమానం వచ్చింది. వేణుగోపాల్ గారికి ఇంట్లో ఏదో మాత్ర వేసుకోవలసి ఉందట. ఒక్కొక్కరే వెళ్ళడం, ఏమీ జరగనట్టు వచ్చి నిలబడటం. మేమంతా గోడకేసి చూస్తూ వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

తలుపు తీసేసరికి బియ్యం ఉన్నాయి. సగం వాడిన సంచుల్లో, ప్లాస్టిక్ డబ్బాల్లో, ఒక కుక్కర్ గిన్నెలో, ఒక దిండు గలీబులో. సోనా మసూరి, బాస్మతి, దంపుడు బియ్యం, ఇడ్లీ బియ్యం, ఏది ఎంతసేపు ఉడకాలో ఆ భగవంతుడికే తెలియాలి. అన్నీ కలిపి కడిగి ఎసట్లో పోశాను. ఒక మెతుకు మెత్తగా, ఒక మెతుకు పలుకుగా వచ్చింది. ఆ పులిహోర భ్రమరాంబ గారు చూసి ఉంటే నన్ను కుర్చీలోంచే తిట్టిపోసేవారు. కొత్తగా వచ్చిన ఒకమ్మాయి తలెత్తకుండా పొద్దుటి నుంచి గుమ్మడికాయ చెక్కు తీస్తోంది. ఆ అమ్మాయిని నేను ఏమీ అడగలేదు. విస్తరి వేసి పక్కన కూర్చోబెట్టుకున్నాను. రెండోసారి అన్నం పెట్టించుకుంది.

ఇలాంటి వ్యాసాల చివర తీరని లోటు అని రాయాలి. నేను ఆ లోటును కళ్ళారా చూశాను. గరాజ్‌లో ఒక మూల, బస్తాలు ఉండవలసిన చోట ఉంది. ఆవిడ ఆత్మకు శాంతి కలగాలని కూడా రాయాలి. రాయను. శాంతి ఆవిడకు పడదు. ఎక్కడ ఉన్నా అక్కడి వంటవాళ్ళ పని పట్టండి, పిన్నిగారూ, నమస్కారం.

ఇల్లు అమ్మకానికి పెట్టారు. బాంక్వెట్ హాల్ మాట మళ్ళీ ఎవరైనా ఎత్తుతారేమోనని ముందే అచ్చులో చెబుతున్నాను. వచ్చే డిసెంబర్‌లో మా గరాజ్ తలుపు తెరిచి ఉంటుంది. చిన్నదే, ఇరుక్కుని కూర్చుందాం. ఏదైనా తెండి, లేదా ఊరికే కారు తీసుకుని రండి. బియ్యం ఉంటాయి. ఎవరు తెచ్చారని మాత్రం అడగకండి.